నీళ్లు కక్కే అడవిదున్న

"మనుషుల దాహమే కాదు, అడవి జంతువుల దాహం కూడా అర్థం చేసుకున్న ఏకైక ప్రభుత్వం మాది!"

బొటానికల్ గార్డెన్‌లో మైకు పట్టుకుని పర్యాటక మంత్రిగారు ఈ మాట చెప్పి బటన్ నొక్కారు. రెండు నిలువుల ఎత్తున్న అడవిదున్న బొమ్మ నోట్లోంచి నీళ్లు ధారగా కిందికి దూకాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మండలానికి విలేకరిని కదా, నేను కాస్త గట్టిగానే కొట్టాను.

దున్న నిజంగా బాగుంది. ఒళ్లంతా నల్లగా నిగనిగలాడుతోంది, మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు తొడిగినట్టుంది. చేసిన శిల్పి ఇంతకాలం కూడళ్లలో నాయకుల విగ్రహాలు చేసినవాడు. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? దీని కుడి ముందుకాలు కూడా పైకెత్తి రోడ్డు వైపు చూపించేలా పెట్టాడు. మొహాన చిన్న చిరునవ్వు కూడా అతికించాడు.

"విజన్ కనిపిస్తోందయ్యా దీనిలో" అని మంత్రిగారు మెచ్చుకున్నారు. "ఇంతకీ నీళ్లెక్కడివి?"

ఇంజనీరు రవికుమార్ ముందుకొచ్చాడు. "కొండ మీద ఊట సార్. మోటారు లేదు, కరెంటు లేదు. పైపు కూడా ఆల్రెడీ ఉంది."

"ఆల్రెడీ ఎందుకుంది?"

"పైన పనసగుడ అనే ఊరి కుళాయికి వేశాం సార్. ఆ కుళాయి వాల్వు కట్టేసి నీళ్లు ఇటు తిప్పాం. రెండిటికీ వదిలితే ప్రెజర్ చాలట్లేదు. దున్న నీళ్లు కక్కట్లేదు సార్, చొంగ కారుస్తోంది."

మంత్రిగారు క్షణం ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే ఎంత హుందాగా ఉంటారో దగ్గరుండి చూసినవాళ్లకే తెలుస్తుంది.

"చొంగ బాగుండదు" అన్నారు.

మర్నాటి నుంచి పనసగుడ ఆడవాళ్లు బిందెలతో కొండ దిగి గార్డెన్‌కి రావడం మొదలుపెట్టారు. దున్న మూతి కింద బిందె పెట్టి, నిండాక నెత్తికెత్తుకుని కొండెక్కేవారు. టూరిస్టులు మురిసిపోయి సెల్ఫీలు దిగారు. ఇంజనీరు కూడా మురిసిపోయాడు. ఇంత సహజంగా ఉండే ఎగ్జిబిట్ ఏ గార్డెన్‌లో ఉందండీ అని నన్నే అడిగాడు.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక బిందె అంచు తగిలి దున్న దవడ మీద రంగు లేచింది. సాయంత్రానికల్లా బొమ్మ చుట్టూ తాడు కట్టి, "శిల్పాన్ని తాకరాదు" అని బోర్డు పెట్టి, కాపలా మనిషిని నిలబెట్టారు.

అప్పలనర్సమ్మ అని పనసగుడలో పెద్దావిడ. ఖాళీ బిందెతో గేటు దగ్గర నన్ను పట్టుకుంది.

"ఏటి బాబూ, పేపరోడివి కదా! ఊట మాది, పైపు మాది. నీరు మాత్రం దున్నదా? మా కోడలు పురిటి మంచం మీదుంది. దానికి గుక్కెడు నీరు కావాలంటే గెడ్డ దాకా ఎల్లి బురద తోడుకోవాల. ఇదేటి నాయం?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో మాత్రం రాయను, పేపరుకి ప్రకటనలు ఆగిపోతాయి.

ఇంతలో చైత్రం వచ్చింది, ఇటుకల పండగ వచ్చింది. మా కొండల్లో ఈ పండగకి మగాళ్లు వేటకి వెళ్తారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు కట్టి, ఆడి పాడి, వచ్చిన బండినల్లా ఆపి పజోరు అడుగుతారు. పజోరంటే పండగ మామూలు. అది చేతిలో పెట్టందే వెదురు పైకి లేవదు. వేటకి వెళ్లి ఒట్టి చేతులతో తిరిగొచ్చిన మగాడి మీద పేడనీళ్లు పోస్తారు. అది కూడా ఆచారమే. ఎంత పెద్దమనిషైనా మారుమాట్లాడకూడదు.

సరిగ్గా ఆ రోజే మంత్రిగారు ఢిల్లీ అతిథులకి దున్నని చూపించడానికి బయల్దేరారు. దారి పనసగుడ మీదుగానే. ఆయన కారులో ముందు సీట్లో పార్టీ మండల నాయకుడు రాబిన్, వెనకాల ఒక మూల నేను.

వెదురు దగ్గర కారు ఆగింది. మంత్రిగారు నవ్వుతూ అద్దం దించి అయిదొందల నోటు చాపారు. అప్పలనర్సమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"నోటు తాగుతామేటి బాబూ? మా పజోరు నీరే. గార్డెనుకేగా ఎల్తన్నావు! ఆ వాల్వు తిప్పించీసి బేగి రా. ఇయ్యేల నీ ఏట అదే!"

"తప్పకుండా అమ్మా! నీళ్లతోనే తిరిగొస్తా!" అన్నారు మంత్రిగారు. అడ్వాన్సు కింద కారులోని వాటర్ బాటిల్ తీసి ఇచ్చారు. ఆడవాళ్లు నిజంగానే సంబరపడి వెదురు ఎత్తారు.

ఆయన మాట తప్పలేదు. గార్డెన్‌లో దిగగానే వాల్వు తిప్పించారు. అప్పటికే అక్కడికి చేరిన ఢిల్లీ అతిథులు ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. దున్న నోట్లోంచి ధార సన్నబడి, గడ్డం మీదుగా జారి, ఎత్తిన కాలి మీద బొట్టు బొట్టుగా పడింది.

"ఈజ్ ఇట్ సిక్?" అని ఒక అతిథి జాలిగా అడిగాడు.

"ఆ ఊరి వాల్వు కట్టెయ్యవయ్యా!" అన్నారు మంత్రిగారు ఇంజనీరుతో.

తిరుగు దారిలో వెదురు మళ్లీ అడ్డంగా ఉంది. పక్కనే బకెట్టు, దాని నిండా పేడ.

"నీరేదీ?" అంది అప్పలనర్సమ్మ.

"ప్రాసెస్‌లో ఉందమ్మా."

ఆవిడ వెనక్కి తిరిగి, "కలపండే!" అని కేకేసింది.

ఎవరూ కదల్లేదు.

"దేంతో కలపమంతావు పిన్నీ? ఊర్లో సుక్క నేదు కదా!" అంది రత్నాలు అనే అమ్మాయి. ఇంకొకామె వాటర్ బాటిల్ మూత తిప్పబోయింది. అప్పలనర్సమ్మ చటుక్కున లాక్కుంది.

"అది కోడలికి. ఇతగాడి మీద పోత్తే దండగ. ఎదురెత్తండి, పోనీ!"

కారు కదిలింది. మంత్రిగారు చేతులు జోడించి, అద్దం ఎక్కించి, ఆ బకెట్టు ఎందుకని రాబిన్‌ని అడిగారు. రాబిన్ నీళ్లు నమిలి నమిలి ఆచారం చెప్పాడు.

"ఒట్టి చేతులతో వస్తే పోస్తారా?"

"పోస్తారు సార్. ఎవర్నీ వదలరు."

"మరి మన మీద పొయ్యలేదుగా?"

"పొయ్యలేదు సార్."

మంత్రిగారు హుందాగా ఆలోచించారు. తర్వాత నా వైపు తిరిగి హెడ్డింగు ఆయనే చెప్పారు, నేను రాసుకున్నాను. మర్నాడు మొదటి పేజీలోనే వచ్చింది:

"మంత్రి ఒట్టి చేతులతో రాలేదు: తేల్చిచెప్పిన గిరిజన మహిళలు."