రోడ్డు దాటిన ఫలకం

ఆ శుక్రవారం పొద్దున లాయిడ్ పెట్టుకున్న పని ఒక్కటే. చర్చి నుంచి నలభై మడత కుర్చీలు ట్రక్కులో తెచ్చి, తన పొలం అంచున రోడ్డు పక్కన దింపాలి. మర్నాడు అక్కడే సభ. అతని భార్య ఐలీన్ పదకొండేళ్ళు పోరాడి సాధించిన చరిత్ర ఫలకానికి ప్రారంభోత్సవం. ఇనుప గుంజ మీద నిలబడ్డ ఆ ఫలకంపై పోత అక్షరాల్లో ఇలా ఉంది: 'ఈ ఫలకం వెనకున్న పొలంలో, 1863లో, ముప్పై ఇద్దరు టాలీ క్రీక్ రైతులు శత్రువుల గుర్రపు దండును అరగంట సేపు నిలవరించారు.' అరగంట తర్వాత ఆ ముప్పై ఇద్దరూ కాలికి బుద్ధి చెప్పారన్న సంగతి మాత్రం లేదు. చోటు చాలలేదని ఐలీన్ అంటుంది.

లాయిడ్ ట్రక్కును వెనక్కి నడిపాడు. 'ఠంగ్' మంది. దిగి చూస్తే కింది కాంక్రీటు దిమ్మ ముక్కలై, ఫలకం వెల్లకిలా పడుంది.

"చచ్చాన్రా దేవుడా!" అన్నాడు లాయిడ్, టోపీ తీసి.

ఐలీన్ తిడితే పడొచ్చు. తిట్టకుండా ఏడిస్తేనే అతను తట్టుకోలేడు. ఆమె రాష్ట్ర కార్యాలయానికి రాసిన ఉత్తరాల నకళ్ళు రెండు పెట్టెల నిండా ఉన్నాయి. రేపు పదింటికి అక్కడి నుంచి అధికారి కూడా వస్తున్నాడు. లాయిడ్ పార తీశాడు. తనవైపు అంతా కంకర, పార దిగలేదు. రోడ్డుకు అవతల గ్లెన్ సోయా చేను అంచు మెత్తగా ఉంది. నా నేలలో గుంజ పాతితే కాళ్ళు విరగ్గొడతానని ఎప్పుడో ఐలీన్‌తో అన్న గ్లెన్ చేపలు పట్టడానికి వెళ్ళాడు, ఆదివారం దాకా రాడు. సభ కాగానే ఇవతలికి మార్చేయొచ్చు. పోనీ, రోడ్డు మాత్రం ఎంత వెడల్పని!

పాతేసి ఊపిరి పీల్చుకున్నాడు. మధ్యాహ్నానికి మాజీ సైనికుల సంఘం పెద్ద హోబర్ట్ దిగాడు, మర్నాటి తుపాకుల వందనం సాధన చేయించడానికి. వెంట పాతకాలపు నీలి కోట్లు తొడుక్కున్న పన్నెండు మంది. ఫలకం చదివి, వాళ్ళను నేరుగా గ్లెన్ చేలోకి నడిపించి, పందుల దొడ్డి పక్కనే గుడారాలు వేయించాడు.

"అటు కాదయ్యా హోబర్ట్, ఇటు!" అంటూ లాయిడ్ పరిగెత్తాడు.

"ఇనుములో పోతపోసి రాశారు. అది వదిలేసి నీ మాట వినాలా? పక్కకు జరుగు!"

జరిగేలోపే గ్లెన్ బండి వచ్చి ఆగింది. ఆ రోజు చేపలు పడలేదట.

"ఏరా లాయిడ్, నా చేలో ఈ సంతేంటి?" అని అరుస్తూ వచ్చినవాడు ఫలకం ముందు ఆగిపోయాడు. ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. గొంతు తగ్గింది. "నా నేలలోనా జరిగింది? ఈ ముక్క నీ పెళ్ళాం అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా!"

సాయంత్రానికి గ్లెన్ ముత్తాత ఆ ముప్పై ఇద్దరిలో ఒకడయ్యాడు. పొద్దుగూకేసరికి నాయకుడయ్యాడు. గ్లెన్ పందుల్ని వేరే దొడ్డికి తోలి, కంచె పొడవునా జెండాలు కట్టాడు. ఫలకానికి ఇద్దరు కోటువాళ్ళను కాపలా పెట్టాడు హోబర్ట్. ఇక దాన్ని కదిపే దారి లేదు.

శనివారం పొద్దున వంటింట్లో లాయిడ్ తల దించుకుని నిలబడ్డాడు. "ఐలీన్, నీ పదకొండేళ్ళ కష్టం నేను మట్టిపాలు చేశాను."

"తెలుసు. ఈ కిటికీలోంచి చూశాలే," అంది ఆమె, రొట్టెకు వెన్న రాస్తూ.

"చూసి ఊరుకున్నావా?"

"అసలు పోరు జరిగింది గ్లెన్ చేలోనే లాయిడ్. వాడు పాతనివ్వనన్నాడు. ఉక్రోషం పట్టలేక మన పొలం పేరు రాసి పంపేశాను. అప్పట్నుంచీ అబద్ధం ఆడానని నాకు కంటి మీద కునుకు లేదు. మార్పించాలంటే మళ్ళీ ఇన్నేళ్ళూ ఉత్తరాలు రాయాలి." ఆమె కళ్ళు తడిశాయి. "నిన్న నువ్వు పార పట్టుకుని రోడ్డు దాటుతుంటే, పెళ్ళైన నలభై ఏళ్ళలో నీ మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు."

పదింటికి అధికారి వచ్చాడు. చేతిలోని కాగితం చూశాడు, ఫలకం చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు.

"ఇందులో రోడ్డుకు ఉత్తరాన అని ఉందే? ఇది దక్షిణం కదా!"

ఐలీన్ ముఖం పాలిపోయింది. లాయిడ్ చేతులెత్తేయబోయాడు. అధికారి సంచిలోంచి పాత పటం తీసి, వేలు పెట్టి వెతికాడు.

"దక్షిణమే నిజం. ఎవరో టైపు కొట్టడంలో పొరపాటు చేసుంటారు. ఇంత కచ్చితంగా పాతిన ఫలకం నేనింతవరకు చూడలేదు. ఎవరండీ సరిచూసింది?"

"మా ఆయనే," అంది ఐలీన్, లాయిడ్ చెయ్యి పట్టుకుని. "మిల్లు రోడ్డులో ఒకటి, వంతెన దగ్గర ఒకటి ఇంకా తప్పుచోట ఉన్నాయి. వాటినీ ఆయనే చూసుకుంటారు."

సోమవారం లాయిడ్ ట్రక్కుకు వెనక బంపరు గట్టిది వేయించుకున్నాడు.