హస్బుల్లా మాస్టారి కారుకి పట్టిన జబ్బు

ఆ సోమవారం హస్బుల్లా మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మెకానిక్ లియోంగ్ షెడ్డు నుంచి సర్వీసైన కారు తెచ్చుకోవడం, తొమ్మిదింటికి శిష్యురాలు సల్బియా చేత పరీక్ష మైదానంలోని మిట్ట ఎక్కించడం, పదకొండింటికి ఇంటికెళ్లి నడుం వాల్చడం. మలేసియాలోని తైపింగ్‌లో పంతొమ్మిదేళ్లుగా జనానికి డ్రైవింగ్ నేర్పుతున్న మనిషికి అంతకంటే పెద్ద కోరికలు మిగలవు.

కారు షెడ్డు నుంచి పరీక్ష మైదానం దాకా బుద్ధిగానే వచ్చింది. అక్కడ ఆయన ఎడమ సీటులోకి జరిగాడు, సల్బియా వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. నేర్పే కారు కాబట్టి ఎడమవైపు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. మాస్టారి భార్యాబిడ్డలు ఇన్నేళ్లుగా ఆయన్ని సజీవంగా చూస్తున్నారంటే అది ఆ బ్రేకు చలవే.

కారు పది గజాలు పోయి మూలిగింది, దగ్గింది, ఆగిపోయింది. మళ్లీ తీస్తే మళ్లీ అంతే. మిట్ట సగం ఎక్కేసరికి ఇంజను చచ్చిపోయింది.

"అంతా నా ఖర్మ మాస్టారూ," అంది సల్బియా.

"ఖర్మ సంగతి తర్వాత. ముందు నీ కాలు ఎక్కడుందో చూసుకో అమ్మా. బ్రేకు మీద ఉందేమో."

ఈ మాట ఆయన రోజుకు నలభైసార్లు అంటాడు, నిద్రలో కూడా అంటాడని భార్య చెబుతుంది. సల్బియా వంగి చూసుకుంది. కాలు ఉండాల్సిన చోటే ఉంది.

సల్బియాకి యాభై మూడేళ్లు. ఆ మిట్ట దగ్గర ఇప్పటికే మూడుసార్లు తప్పింది. లారీలు నడిపిన మొగుడికి మూత్రపిండాలు పాడై, వారానికి మూడుసార్లు ఊరవతల ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించాలి. ఇన్నాళ్లూ తమ్ముడు తీసుకెళ్లేవాడు. అతను శనివారం ఉద్యోగానికి ఎక్కడో దక్షిణాన ఉన్న జోహోర్ వెళ్లిపోతున్నాడు. పరీక్ష గురువారం, అదీ ఈ కారులోనే.

మాస్టారు ఉసూరుమంటూ కారు తనే నడుపుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లాడు. దారంతా అది కిక్కురుమనలేదు. డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం దిగిపోయిన పిల్లాడిలా ఉంది దాని వాలకం. లియోంగ్ ఒక్కడే ఎక్కి రెండు వీధులు తిప్పుకొచ్చాడు.

"బంగారంలా ఉంది కదన్నా! నేను చేసిందేముంది? ఆయిలు మార్చాను, ఫిల్టరు దులిపాను, వదులైపోయిన బ్రేకులు బిగించాను. నీ శిష్యులకి నడపడం రాకపోతే నేనేం చెయ్యను?"

"నా శిష్యుల జోలికి రాకు. నీ చేతిలో పడకముందు నడిచింది, పడ్డాక మూలుగుతోంది."

ముప్పై ఏళ్ల స్నేహంలో లియోంగ్ ఇంత మాట పడలేదు. విసురుగా లోపలికి వెళ్లి రేడియో పెట్టేశాడు.

అక్కడితో వదిలేస్తే సరిపోయేది. మాస్టారు టీ కొట్టుకెళ్లి గోడు చెప్పుకున్నాడు. ఆ కొట్లో నాలుగు బల్లలుంటే నాలుగింటి మీదా మెకానిక్కులే. బస్సు డ్రైవరుగా రిటైరైన మొక్తార్ కప్పు కింద పెట్టకుండానే తేల్చేశాడు.

"ప్లగ్గులు! కళ్లు మూసుకుని మార్చెయ్."

మంగళవారం ప్లగ్గులు మార్చారు. సల్బియా ఎక్కింది, మాస్టారు పక్కన కూర్చున్నాడు, కారు మూలిగింది. రెండో బల్ల వాళ్లు పెట్రోల్లో నీళ్లు కలిశాయన్నారు. ట్యాంకు ఖాళీ చేసి మళ్లీ నింపారు. కారు మూలుగుతూనే మాడిన వాసన కూడా మొదలెట్టింది. "చెప్పలా? క్లచ్చి పోయింది!" అని మూడో బల్ల సంబరపడింది. క్లచ్చి బిగించారు. అప్పటికి కారు ఎలా ఉండేదో మాస్టారికే గుర్తులేకుండా పోయింది.

బుధవారం మధ్యాహ్నం సల్బియా రోజూ లాగే ఆయన కోసం అరిటాకులో కొబ్బరన్నం పొట్లం కట్టుకొచ్చింది. పొట్లం చేతికిచ్చి, స్టీరింగ్ మీద తలపెట్టి ఏడ్చేసింది.

"మానేస్తాను మాస్టారూ. మా ఆయన కూడా వద్దంటున్నాడు. 'ఉన్నన్నాళ్లు ఉంటాను, నీకెందుకే ఈ యాతన' అంటున్నాడు. అలా అంటే నాకు అన్నం సహిస్తుందా?"

మాస్టారు అలిసిపోయిన మనిషేగానీ రాతి మనిషి కాదు. నేరుగా షెడ్డుకు పోయి రేడియో కట్టేశాడు.

"లియోంగ్, తప్పు నాదే అనుకో, నీదే అనుకో. రేపు ఆ కారు ఆగకూడదు."

లియోంగ్ బానెట్ ఎత్తి ఇంజను వేగం పెంచేశాడు. కారు నిలబడ్డచోటే హోరుమంది. "ఇక చావమన్నా చావదు. రేపు నేనూ స్కూటరేసుకుని వస్తాను. దీని సంగతేంటో నా కళ్లతో చూడాలి."

గురువారం మిట్ట పరీక్షకి సల్బియా ఒక్కతే కారులో కూర్చుంది. పక్కన మాస్టారు ఉండటానికి వీల్లేదు. ఆయన కంచె బయట నిలబడి కళ్లు మూసుకున్నాడు.

"కళ్లు తెరువన్నా," అన్నాడు లియోంగ్.

కారు మిట్ట ఎక్కుతోంది. పైనుంచి ఎవరో తాడేసి లాగుతున్నట్టు ఎక్కుతోంది. గీత దగ్గర ఆగింది, జానెడు కూడా వెనక్కి జారలేదు, మళ్లీ కదిలి అవతలికి దిగింది. తర్వాత రోడ్డు పరీక్షకి బక్కపల్చటి అధికారి ఒకాయన ఫైలు గుండెలకు హత్తుకుని, కాళ్లు సీటు కిందకి ముడుచుకుని ఎడమవైపు కూర్చున్నాడు. అరగంటలో తిరిగొచ్చారు. సల్బియా కాగితం ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"పాసయ్యాను మాస్టారూ! మీ కారు ఎగిరిందంటే నమ్మండి!"

మాస్టారి కళ్లు చెమర్చాయి. "ఇంటిదాకా నువ్వే నడుపు తల్లీ," అని దర్జాగా ఎడమ సీటులో కూలబడ్డాడు.

కారు మూలిగింది.

మూలుగుతూనే చెరువు పక్క ఎత్తురోడ్డు ఎక్కసాగింది. వెనక లియోంగ్ హారను ఆపకుండా కొడుతూ, స్కూటర్ పక్కకి తెచ్చి అరిచాడు.

"మైదానం దాటినప్పట్నుంచీ వెనక ఎర్రలైటు ఆరలేదు! ఎత్తు ఎక్కుతూ బ్రేకెందుకమ్మా తొక్కుతున్నావ్?"

"నేనెక్కడ తొక్కాను? నా కాలు ఇదిగో, ఇక్కడుంది!"

సల్బియా కారు పక్కకి తీసి ఆపింది. తన కాలు చూసుకుంది. తర్వాత నెమ్మదిగా తల ఎడమవైపు తిప్పింది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీ కాలు ఎక్కడుందో చూసుకోండి."

చూసుకున్నాడు. పంతొమ్మిదేళ్లుగా ప్రాణభయంతో అలవాటైన కుడికాలు, ఎవరూ పిలవకుండానే వెళ్లి బ్రేకు మీద హాయిగా విశ్రాంతి తీసుకుంటోంది. ఇన్నాళ్లూ ఆ బ్రేకు వదులుగా ఉండి ఆ బరువుని భరించింది. సోమవారం లియోంగ్ దాన్ని బిగించాడు, అంతే.

మాస్టారు కాళ్లు రెండూ పైకి తీసుకుని సీటు మీద మఠం వేసుక్కూర్చున్నాడు. సల్బియా గేరు వెయ్యగానే కారు చెంగున ముందుకు దూకింది.

"శనివారం మా ఆయన్ని నేనే తీసుకెళ్తాను," అంది సల్బియా నవ్వాపుకుంటూ. "సాయంగా మాత్రం మీరు రాకండి మాస్టారూ."

ఆ సాయంత్రం లియోంగ్ కారు సర్వీసు పుస్తకం తీసి, గుండ్రటి అక్షరాలతో రాశాడు: "లోపం ఎడమ సీటులో ఉన్నది. పాతది, మార్చడానికి విడిభాగం దొరకదు."