గడ్డి తెగని కోతలు

కొనడం కన్నా ఎంచుకోవడం గొప్పది! కొన్నవాడికి దక్కేది ఒక్క వస్తువే. ఎంచుకుంటూ కూర్చున్నవాడికి బజార్లో ఉన్న వస్తువులన్నీ తనవే. ఈ మాట మీరు నమ్మరని నాకు తెలుసు. మా ఇంట్లో వాళ్లూ నమ్మలేదు. అసలీ నాలుగు ముక్కలూ వాళ్లకు చూపించడానికే రాస్తున్నాను. పనిలో పనిగా మీరూ చదివి బాగుపడండి.

సంగతేమిటంటే, మా ఇంటి వెనక పెద్ద పెరడుంది. దాని కోసమని ఒక చిన్న ట్రాక్టర్ కొన్నాను. ఎర్రగా, ముద్దుగా ఉంటుంది. ఇంటికి తెచ్చాక తెలిసింది, దానికి గడ్డి కోయడం రాదని! అది లాగుతుంది, మోస్తుంది, పొగ వదులుతుంది. గడ్డి కోయాలంటే దానికి తగిలించే మోవర్ విడిగా కొనుక్కోవాలి. షోరూమ్ వాళ్లు దీన్ని అటాచ్‌మెంట్ అంటారు.

గడ్డి తెగాల్సిన అవసరం మా అమ్మది. ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ మెత్తటి నేల మీద నడవాలనీ, నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుందనీ ఫిజియోథెరపిస్టు గట్టిగా చెప్పింది. వీధిలో నడిస్తే బళ్లు మీదికొస్తాయి. మిగిలింది పెరడు. పెరట్లో ఉన్నది గడ్డి. మామూలు మనిషైతే ఏదో ఒక మోవర్ తెచ్చి, కోసి పారేసి, అమ్మను నడిపించేసేవాడు. ఇలాంటి తొందరపాటు మనుషుల వల్లే లోకం ఇలా తగలడింది!

నేను తొందరపడలేదు. చదివాను.

మొదట్లో గడ్డి చీలమండల దాకా ఉండేది. ఆ ఎత్తుకు ఫినిషింగ్ మోవర్ అనేది సరిపోతుందట, తివాచీ పరిచినట్టు నున్నగా కోస్తుందట. బాగానే ఉంది. కానీ నాలుగడుగులదా, ఐదడుగులదా? వెడల్పు ఎక్కువైతే పని తొందరగా అవుతుంది గానీ చెట్ల మధ్య తిరగదు. తక్కువైతే తిరుగుతుంది గానీ తిరుగుతూనే ఉండాలి. వెనక తగిలించేదా, ట్రాక్టర్ పొట్ట కింద బిగించేదా? ఇది తేలేలోగా గడ్డి మోకాళ్ల దాకా వచ్చింది. ఆ ఎత్తును ఫినిషింగ్ మోవర్ తట్టుకోలేదు, కింద పెద్ద కత్తి గిర్రున తిరిగే రోటరీ కావాలన్నారు. సరే, రోటరీలో ఏది మేలో తేల్చేలోగా గడ్డి నడుము దాకా వచ్చి కాడలు ముదిరాయి. దీనికి ఇక ఫ్లెయిలే గతి అన్నారు. అంటే ఒక ఇనుప గొట్టానికి బోలెడన్ని చిన్న కత్తులు వేలాడుతుంటాయి, గొట్టం గిర్రున తిరిగితే అవి అడ్డమొచ్చినవన్నీ నుజ్జు చేస్తాయి.

చూశారా! ఒక్క పెరడు నన్ను మూడు యంత్రాల్లో పండితుణ్ని చేసింది. మొదటి వారమే ఏదో ఒకటి కొనేసి ఉంటే ఈ చదువు నాకు అబ్బేదా? ఏ కాలేజీలో చెబుతారు ఇంత విద్య?

విద్య ఒక్కటేనా, భాష కూడా వచ్చింది. ట్రాక్టర్ వెనక తిరిగే ఇరుసొకటి ఉంటుంది. ఇంజిన్ బలాన్ని మోవర్‌కు అందించేది అదే. దాని పేరు పీటీఓ. ఈ మూడక్షరాలూ తెలిశాక నాకు ప్రపంచమంతా కొత్తగా కనిపించింది. పొద్దున్నే మిక్సీ ఆగిపోతే, "దీని పీటీఓ దగ్గర లోపముంది" అన్నాను గంభీరంగా.

"ముందు స్విచ్చి వెయ్యండి," అంది మా ఆవిడ.

ఇక స్నేహాల సంగతి! చిన్న ట్రాక్టర్ల వాళ్లకు ఫోన్లో ఒక గ్రూపుంది. అందులో రెండు వర్గాలు. రోటరీ బాబాయ్ అనే ఆయన ఒక వైపు, ఫ్లెయిల్ మేష్టారు అనే ఆయన ఇంకో వైపు. పొద్దున లేస్తే ఒకరి మోవర్‌ని ఒకరు తిట్టుకుంటారు. మోవర్లు అయిపోతే వంశాల జోలికి పోతారు. వాళ్లిద్దరి మధ్యా సంధి కుదిర్చే బాధ్యత నా మీద పడింది. ఇంత పని పెట్టుకున్నవాడికి గడ్డి కోసే తీరిక ఎక్కడిది?

రివ్యూలు చదివారా మీరెప్పుడైనా? చదవండి, మనుషుల మీద నమ్మకం కుదురుతుంది. "అద్భుతమైన మోవర్. ఐదు నక్షత్రాలు. ఇంకా ప్యాకింగ్ విప్పలేదు." ఇలా రాసిందొకరు. "చాలా నాసిరకం. ఒక్క నక్షత్రం. మా బావగారు కూడా ఇదే కొన్నారు." ఇలా ఇంకొకరు. ఒకాయనైతే రంగు నచ్చక వెనక్కి పంపేశానని రాశాడు. వీళ్లందరి అభిప్రాయాలూ కాదని నా సొంత బుర్రతో నిర్ణయం తీసుకోవడానికి నేనెవర్ని?

షోరూమ్‌కి కూడా వెళ్లాను. తప్పు చెప్పాను, షోరూమ్‌లకి. ఒక సేల్స్‌మన్ నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "మీ గడ్డి ఏ టైపు సార్?" అనడిగాడు. పచ్చగా ఉంటుందన్నాను. అతను జాలిగా నవ్వి, ఒక కట్ట బ్రోచర్లు చేతిలో పెట్టి, "బాగా ఆలోచించుకుని రండి సార్. ఈలోగా కొత్త మోడల్ కూడా దిగుతుంది," అన్నాడు. ఎంత పెద్ద మనసో చూడండి! సరుకు అమ్మేవాడే కొనవద్దంటున్నాడు.

అమ్మ మాత్రం రోజూ ఒకటే ప్రశ్న. "ఏరా, కోశావా?"

నేను ఓపిగ్గా చెప్పేవాణ్ని, కత్తి అంచు వేగం గురించి, పక్క రేకుల మందం గురించి. ఆవిడ చివరిదాకా వినేది.

"కోతలు బాగానే కోస్తున్నావు. ఆ గడ్డి కూడా కొయ్యి."

అని నడవలోకి వెళ్లి నడిచేది. మా నడవ ఇరుకు, నేలంతా నున్నటి పలకలు. జారుతుందని భయపడి ఒక చెయ్యి గోడకు ఆనించుకుని వంటింటి నుంచి వీధి తలుపు దాకా, మళ్లీ వెనక్కి. ఆ చెయ్యి రాసుకుని రాసుకుని గోడ మీద తెల్ల సున్నం మాసి, పొడుగునా ఒక చార పడింది. ఆ చార నేను చూడలేకపోయేవాణ్ని. అందుకని చూడటం మానేసి, గోడకు వెయ్యడానికి ఏ కంపెనీ రంగు మంచిదో చూడటం మొదలుపెట్టాను.

ఫిజియోథెరపిస్టు మళ్లీ వచ్చింది. మోకాలు వంచి చూసి మొహం ముడుచుకుంది. నడవలో ఆ జాగ్రత్త నడకతో లాభం లేదనీ, ఇంకొన్నాళ్లు ఇలాగే వదిలేస్తే కాలు ఇక వంగదనీ నా మొహం మీదే చెప్పేసింది. వెంటనే రంగంలోకి దిగాను. ఆ సాయంత్రానికల్లా, ఇంట్లోనే నడిచే ట్రెడ్‌మిల్లులు ఎన్ని రకాలున్నాయో చూసి పట్టీ కూడా తయారు చేశాను!

అప్పుడు మా ఆవిడ నాకు గడ్డి పెట్టింది. పెరట్లో ఉన్నంత ఎత్తున పెట్టింది.

దెబ్బకి ఫ్లెయిల్ ఆర్డరిచ్చేశాను. ఇద్దరు మనుషులొచ్చి దాన్ని పెరటి మధ్యలో దించి వెళ్లారు. ఇక తగిలించడమే తరువాయి అనుకుంటున్నారా? అక్కడే ఉంది భగవంతుడి దయ! దాన్ని ట్రాక్టర్‌కి కలిపే షాఫ్టు విడిగా కొనాలట. షాఫ్టుల్లో పొడుగువి, పొట్టివి, మధ్యరకానివి ఉన్నాయట. రోటరీ బాబాయ్ పొట్టిదన్నాడు. కాబట్టి ఫ్లెయిల్ మేష్టారు పొడుగుదన్నాడు. నేను మళ్లీ చదువులో పడ్డాను. ఈలోగా వానలు పడ్డాయి.

చివరికి షాఫ్టు తెచ్చుకుని, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని పెరట్లోకి వెళితే మోవర్ లేదు. ఎవడో ఎత్తుకుపోయాడనుకుని లబోదిబోమన్నాను. ఎవడూ ఎత్తుకుపోలేదు. గడ్డి మింగేసింది! గడ్డి కోసే యంత్రం ఆ గడ్డిలోనే ఎక్కడో ఉంది. కర్ర పుచ్చుకుని ఈ చివర నుంచి కెలకడం మొదలుపెట్టాను. గడ్డిలో పోయిన మోవర్‌ని వెతకడానికి మంచి మెటల్ డిటెక్టర్ ఏదా అని ఒక్క క్షణం ఆలోచించిన మాట కూడా నిజమే.

"ఇటు రా! నీ కోతల మిషన్ ఇక్కడుంది."

అమ్మ గొంతు. తలెత్తి చూద్దును కదా, పెరటి నడిమధ్యన, గడ్డి పైన ఆవిడ తల ఒక్కటే కనిపిస్తోంది. అంత దూరం ఎలా వెళ్లింది? చుట్టూ తిరిగి వంటింటి గుమ్మం వైపుకు పరుగెత్తాను. అక్కడ గడ్డిలో ఒక దారి ఉంది. మనిషి పట్టేంత దారి. గడ్డంతా రెండు పక్కలా ఒరిగిపోయి, చెప్పుల కింద నలిగి నలిగి, నేల మెత్తగా, శుభ్రంగా ఉంది. పక్కనే చేతికర్ర గుచ్చిన గుంటలు. ఆ చివర అమ్మ మోవర్ మూత మీద దర్జాగా కూర్చుని కాళ్లూపుతోంది. రెండు కాళ్లూ!

"ఎప్పట్నుంచమ్మా ఇది?"

"నువ్వు ఫోన్ చూసుకుంటున్నప్పుడల్లా," అంది.

చూశారా పాఠకులారా, నా వాదన ఎలా నెగ్గిందో! నేను మొదటి వారమే గడ్డి కోసేసి ఉంటే అమ్మ ఇంత పట్టుదలగా నడిచేదా? మోవర్ కొనకపోతే ఆవిడ కూర్చోవడానికి బల్ల ఉండేదా? ఐదు నక్షత్రాలిచ్చి నేనూ ఒక రివ్యూ రాశాను. కూర్చోవడానికి చాలా అనువుగా ఉందన్నాను. ఇన్నాళ్లూ ఇన్ని యంత్రాలు చూపించిన ఆ ఫోను, ఒక్కసారైనా "ఇక చాలు, లేచి అమ్మ దగ్గరికి వెళ్లు" అనలేదేమని మాత్రం ఎవరూ అడక్కండి. ఆ మాట అంటే దాని వ్యాపారం ఏం కావాలి?

అమ్మ లేచి నిలబడింది. వెనక్కి వెళ్లేటప్పుడు తోడుంటే బాగుంటుందనుకుందో ఏమో, కర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులూ నా వైపు చాపింది.

"రా, చెయ్యి పట్టుకో. ఇద్దరం నడుద్దాం."

వెళ్లాను. ఆవిడ రెండు చేతుల వంకా మార్చి మార్చి చూశాను.

"కుడి చెయ్యా, ఎడమ చెయ్యా అమ్మా?" అన్నాను.