తుఫాను షెల్టర్ వరండాలో గుడారం

బందరు ఎండలో చెమటలు కక్కుతున్న మీకు ఇప్పుడు అర్జంటుగా కావలసిందేమిటో చెప్పనా? చలి దుప్పటి! నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

గుడివాడ బ్యాంకులో పనిచేసే మా ప్రేమ్ సాగర్ ఈ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించాడు. ఆదివారం చర్చి అయ్యాక దివిసీమ పాయల్లో కయాక్ అనే ఒంటిమనిషి పడవ వేసుకుని తెడ్డు తిప్పడం అతని సరదా. అందుకోసం ఆన్‌లైన్‌లో ఎమర్జెన్సీ కిట్ తెప్పించాడు. నలుగురు దూరి కూర్చునే సంచిలాంటి గుడారం, ఒంటి వేడిని బయటికి పోనివ్వని రేకు దుప్పటి. మంచు దేశాల సరుకు!

"ఏవండీ, ఇది కప్పుకుంటే అచ్చం బిర్యానీ పార్సిల్‌లా ఉంటారు" అంది భార్య స్వర్ణలత.

అతను నొచ్చుకున్నాడు. పాపం, మహానుభావుల్ని ఇంట్లోవాళ్లు ఎప్పుడు గుర్తించారు గనక?

మొన్న నవంబరులో వాయుగుండం అని టీవీ మొత్తుకుంటున్నా వినకుండా పాయలోకి దిగాడు. గాలివాన కొట్టింది. నిలువునా తడిసి, పళ్లు టకటకలాడుతూ ఒడ్డున పడ్డాడు. ఎదురుగా తుఫాను షెల్టర్! దేవుడే చూపించాడనుకుని పరుగెత్తాడు.

తలుపుకి తాళం. వరండాలో ఊరి జనం. భాగ్యమ్మ అనే ముసలామె ఒళ్లో ఆమె మనవరాలు, పురిటికందు. పక్కనే పిల్ల తల్లి, పచ్చి బాలింత. చలికి పెదాలు నీలం తిరుగుతున్నాయి.

"తాళం తియ్యరేంటండీ?"

"లోపల గోవర్ధనరావుగారి ధాన్యం ఉంది బాబూ. జల్లు కొడితే తేమ శాతం పెరిగిపోద్దంట, ఎవరూ కొనరంట."

గోవర్ధనరావుగారు ఊరి పెద్ద. తాళంచెవి ఆయన జేబులో, ఆయన బందరులో.

ప్రేమ్ సాగర్‌కి ఏడుపొచ్చినంత పనైంది. తన వణుకు మర్చిపోయి పసిదాన్ని తల్లి గుండెలకు ఆనించి, ఇద్దరికీ రేకు దుప్పటి చుట్టబెట్టాడు. మీద గుడారం కప్పాడు. కాసేపటికి పిల్ల కెవ్వుమంది. భాగ్యమ్మ ఆ ఏడుపు విని తానూ భోరుమంది.

చూశారా, ఎంత మేలో! కనుక ప్రభుత్వం వారికి నా మనవి. షెల్టర్ల తాళాల జోలికి వెళ్లకండి. ధాన్యం సుకుమారం. మాకు తలా ఒక గుడారం ఇప్పిస్తే వరండాలో పడి ఉంటాం.

గాలి తగ్గాక గోవర్ధనరావుగారు కారులో వచ్చి తలుపు తీశారు. గింజల్ని మిషన్‌లో పోసి చూసుకున్నారు. తేమ ఒక్క పాయింటు కూడా పెరగలేదట!

పసిదాని ఒంట్లో వేడి ఎంతుందో మాత్రం ఆయన అడగలేదు.