నమకూంబ రేవులో చలి దొంగలు

ఆ గురువారం పొద్దున లైసన్ కపీటో చేతిలో ఉన్న సరుకు ఇది: అంచు పగిలిన భూతద్దం ఒకటి, సగం రాసిన నోటుపుస్తకం ఒకటి, టైరు చెప్పుల జత ఒకటి, ఎండుతున్న ఉసిపా చేపలు మూడు బుట్టలు. చేపలు నెత్తళ్ళంత చిన్నవి. అతని ఆత్మవిశ్వాసం వాటికి నూరింతలు.

"డొరికా, రాసుకో," అన్నాడు భార్యతో, మొక్కజొన్న గంజి గిన్నె కింద పెట్టి. "ఈ ఖండంలో నేరస్థులకు చెమటలు పట్టించే బుర్రలు మూడే మూడు. అందులో రెండు ఇంకా పుట్టలేదు."

"మూడోది లేచి గిన్నె కడుక్కుంటే బాగుంటుంది," అంది డొరికా.

మలావి సరస్సు ఒడ్డున నమకూంబ రేవులో లైసన్ ఎండుచేపల వ్యాపారి. డిటెక్టివ్ పని పైలాభం. ఇప్పటిదాకా ఛేదించిన కేసు ఒకటి: పాస్టరు గారి మేక అదృశ్యం. వారం పాటు ఊరంతా గాలించాడు. ఎనిమిదో రోజు మేక తనంతట తానే ఇంటికొచ్చింది. లైసన్ నోటుపుస్తకంలో దాన్ని 'లొంగుబాటు' అని రాసుకున్నాడు.

గిన్నె కడుగుతుండగా క్లినిక్ నర్సు తియమికే పరిగెత్తుకుంటూ వచ్చింది. ఈ ఊరికి వచ్చి నెల కాలేదు. లైసన్ ఆరోగ్య కమిటీ సభ్యుడు కాబట్టి, ఏ కష్టమొచ్చినా ముందు అతనికి చెప్పడం అప్పుడే నేర్చుకుంది. ఆ అలవాటు మంచిది కాదని ఇంకా నేర్చుకోలేదు.

"అన్నా, టీకాల ఫ్రిజ్ వేడెక్కిపోతోంది!"

ముగ్గురూ క్లినిక్‌కి వెళ్ళారు. తియమికే గోడకున్న కాగితం చూపించింది. "పూటపూటా రాస్తున్నాను. సోమవారం పొద్దున నాలుగు డిగ్రీలు. మంగళవారం ఐదు. నిన్న ఆరున్నర. ఇవాళ ఏడుంబావు. ఎనిమిది దాటితే ఇందులో ఉన్న సీసాలన్నీ పక్కన పెట్టేయాలి. పిల్లలకు వేయడానికి వీల్లేదు."

"రేపు కదా టీకాల రోజు?"

"రేపే. నూట నలభై రెండు మంది పిల్లలు. పక్క రేవులో తట్టు మొదలైంది. వీటిని పక్కన పెడితే మళ్ళీ పడవలో రావడానికి పదిహేను రోజులు పడుతుంది. మీ మనవరాలు తావోంగా పేరు కూడా జాబితాలో ఉందన్నా."

తొమ్మిది నెలల తావోంగా పేరు వినగానే లైసన్ చొక్కా చేతులు పైకి మడిచాడు. వెంటనే భూతద్దం తీశాడు. అందులోంచి ఫ్రిజ్ తలుపు చూశాడు, తియమికే చెవి చూశాడు, గోడ మీద బల్లిని చూశాడు.

"సిస్టర్, ఈ పెట్టెలో మొన్నటిదాకా చలి ఉంది. ఇప్పుడు తగ్గిపోతోంది. ఉన్న సరుకు తగ్గిపోతే వ్యాపారంలో ఏమంటాం? దొంగతనం అంటాం!"

"చలిని ఎవరైనా దొంగిలిస్తారా అన్నా?"

"అనుమానం రాని సరుకునే ఎత్తుకెళ్ళారు. కరడుగట్టిన ముఠా ఇది."

"గోనెసంచిలో మోసుకెళ్ళారా, గంపలోనా?" అని అడిగింది డొరికా.

తియమికే మర్యాదగా దగ్గింది. "మెకానిక్ సోమవారం గానీ రాడు. ఫోన్‌లో ఒక్కటే అడిగాడు, వెనక కప్పు మీద ఎండ బాగా పడుతోందా అని. నాకు నిచ్చెన ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. మీరు కాస్త..."

"వెనక కప్పు మీద ఎండా? ఆ ఎండ సంగతి నన్ను అడగాలా? రోజూ పొద్దున్నే ఎక్కుతున్నాను. ఫస్టుక్లాసు ఎండ! ఈ రేవు మొత్తం వెతికినా అలాంటి ఎండ దొరకదు. కావాలంటే రాసిస్తాను."

"హమ్మయ్య. అయితే అది కాదు," అని తియమికే కాగితం మీద టిక్కు పెట్టింది. రోజూ కప్పు ఎందుకు ఎక్కుతున్నావని అడగబోయింది గానీ, వరండాలో ఒక పసివాడు గుక్కపట్టాడు. ఆమె అటు పరిగెత్తింది.

దర్యాప్తు క్లినిక్ వెనక మొదలైంది. లైసన్ నేల మీద బోర్లా పడుకుని పాకాడు.

"అడుగుజాడలు! మగవాడు. టైరు చెప్పులు. ఎడమ మడమ అరిగింది. నిచ్చెన దగ్గరికి వెళ్ళాడు, తిరిగొచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. నడకలో గర్వముంది, బుర్రలో పదును లేదు."

డొరికా మొగుడి ఎడమ చెప్పు వైపు చూసింది. "వాడికి బట్టతల ఉందా?"

"అడుగుజాడ అంత దూరం చెప్పదే."

"నేను చెప్పగలను."

లైసన్ వినిపించుకోలేదు. నిచ్చెన మొదట్లో తళతళలాడే పొడి కనిపించింది అతనికి. "వెండి! అంతర్జాతీయ వెండి ముఠా!" మూడు తరాలుగా చేపలమ్మిన వంశంలో పుట్టినవాడు ఉసిపా పొలుసును వెండి అన్నాడు. డొరికా ఆకాశం వైపు చూసింది. 'చేపల వాసన' అని కూడా రాశాడు గానీ, ఊరంతా అదే వాసన కాబట్టి ఆధారం కాదని వెంటనే కొట్టేశాడు.

తర్వాత అనుమానం లవ్‌నెస్ మీదికి మళ్ళింది. ఆ పిల్ల పడవల దగ్గర బకెట్ పెట్టుకుని, ప్లాస్టిక్ గొట్టాల్లో గడ్డకట్టిన ఎర్రటి తీపి నీళ్ళు అమ్ముతుంది.

"ఈ చలి ఎక్కడిది?" అని గర్జించాడు లైసన్.

"బజార్లో మా అక్క ఇంట్లో కరెంటు ఫ్రిజ్‌ది బాబాయ్."

"అక్క! ముఠాలో రెండో మనిషి! ఈ సాక్ష్యాన్ని స్వాధీనం చేసుకుంటున్నాను." ఒక గొట్టం తీశాడు. ఎండకి అది చేతిలోనే కరగసాగింది. "సాక్ష్యం నాశనమైపోతోంది! కాపాడాలి!" అని నోట్లో పెట్టుకున్నాడు. అలా ఐదు సాక్ష్యాలు కాపాడాడు.

"నోరంతా ఎర్రగా అయింది బాబాయ్," అంది లవ్‌నెస్. "చూస్తే నువ్వే దొంగలా ఉన్నావు."

మధ్యాహ్నం రెండింటికి తియమికే మళ్ళీ పిలిచింది. ఈసారి ఆమె గొంతు చిన్నబోయింది. "ఏడు పాయింట్ తొమ్మిది అన్నా. ఇంక ఆగలేను. రావద్దని తల్లులకు కబురు పెట్టేస్తాను."

వరండాలో లైసన్ కూతురు బిడ్డని ఎత్తుకుని కూర్చుంది. తావోంగా తాతని చూసి, పళ్ళు లేని నోటితో నవ్వి, అతని భూతద్దం కోసం చెయ్యి చాచింది. లైసన్ దాన్ని ఆ చిన్ని వేళ్ళకి తాకించి మళ్ళీ తీసుకున్నాడు.

"ఒక్క గంట ఆగు సిస్టర్," అన్నాడు. "చలి ఎటు నుంచి పోతోందో పైనుంచి కాపు కాసి పట్టుకుంటాను."

పైగా చేపలు తిరగేసే వేళ కూడా అయింది. మేధావి అయినా వ్యాపారం ఆపలేడు కదా. ఇది ఉసిపా కాలం, ఒడ్డున ఎండబెట్టే బల్లలన్నీ నిండిపోయాయి. సోమవారం అతనికి క్లినిక్ వెనక కప్పు మీద పాత సోలార్ పలక గుర్తొచ్చింది. అది చచ్చి రెండేళ్ళయింది. ఏటవాలుగా ఉంటుంది, నున్నగా ఉంటుంది, కోళ్ళు ఎక్కవు, కింద నుంచి కూడా వెచ్చగా కాగుతుంది. దాని మీద దోమతెర కట్టి మూడు బుట్టల చేపలూ పరిచాడు. ఇంతకంటే మంచి జాగా ఊళ్ళో లేదని ఎవరికీ చెప్పకుండా మురిసిపోయాడు.

నిచ్చెనెక్కి, చేపల పక్కన బోర్లా పడుకుని, భూతద్దం కన్నుకి ఆనించాడు. ధ్యాసలో నాలుక బయటపెట్టి నోటుపుస్తకం తెరవబోతుండగా తెల్లమెడ కాకి ఒకటి వచ్చింది. దానికి చేపలూ కనిపించాయి, ఎర్రటి నాలుకా కనిపించింది. ముందు నాలుకని ఎంచుకుంది.

"డొరికా! ముఠా! ఆకాశం నుంచి దాడి!"

లైసన్ చెయ్యి విసిరాడు, కాలు జారింది, రేకు మీద సర్రున జారాడు. చేతికందింది పట్టుకున్నాడు. అందింది దోమతెర. ముడులు నాలుగూ పటపటా తెగాయి. తెరా, మూడు బుట్టల చేపలూ, ఖండంలోని మూడో బుర్రా ఒక్కసారిగా కింద ఇసుక కుప్ప మీద పడ్డాయి.

అప్పుడే లోపల నుంచి చప్పుడు: గుర్ర్ర్ర్...

"తిరుగుతోంది!" తియమికే కేక పెట్టింది. "అన్నా, ఫ్రిజ్ తిరుగుతోంది!"

వెనక తలుపు తీసుకుని బయటికొచ్చింది. ఇసుకలో మనిషిని చూసింది. మనిషి మీద చేపల్ని చూసింది. తలెత్తి, ఎండకి ధగధగ మెరుస్తున్న పలకని చూసింది.

"చేపలు... ఆ పలక మీద ఎండబెట్టారా?"

"అది చచ్చి రెండేళ్ళయింది కదమ్మా!"

"చచ్చింది పాతది! పోయిన నెల ఫ్రిజ్‌తో పాటు దాని చోట కొత్తది బిగించారు. ఫ్రిజ్ నడిచేది దాని మీదే! మీరప్పుడు చేపలు కొనడానికి పై రేవులకు వెళ్ళారట." ఆమె ఊపిరి తీసుకుంది. "మరి పొద్దున ఎండ ఫస్టుక్లాసు అన్నారు?"

"ఎండలో లోపమేముంది?" లైసన్ బట్టతల మీద నుంచి ఒక చేప తీసి విరిచి చూపించాడు. "చూడు, ఎంత పెళపెళలాడుతోందో."

తియమికేకి కోపం రావాలి. నవ్వొచ్చింది. ఆగకుండా వచ్చింది. డొరికా గోడకి ఆనుకుని కూలబడి నవ్వింది. చేపల వాసనకి ఊళ్ళో పిల్లులన్నీ, కోళ్ళన్నీ మూకుమ్మడిగా దిగాయి.

సాయంత్రం నాలుగింటికి ముల్లు ఏడు మీదికి వచ్చింది. శుక్రవారం పొద్దునకి ఐదున్నర డిగ్రీలు. తియమికే ఒక్కొక్క సీసా పైకెత్తి చూసింది. మీదున్న గుండ్రంలో మధ్య గడి తెల్లగానే ఉంది. అది తెల్లగా ఉంటే మందు చెడలేదని అర్థం. తర్వాత పిల్లలతో వచ్చిన తల్లులకు వరండా తలుపు తెరిచింది.

ఆ సాయంత్రం లైసన్ నడుముకి వేడినీళ్ళ గుడ్డ కట్టుకుని లెక్క తేల్చాడు. పోయినవి: చేపలు మూడు బుట్టలు, దోమతెర ఒకటి, కాకి పొడిచిన నాలుక కొన రవ్వంత. మిగిలినవి: టీకా పడిన పిల్లలు నూట నలభై రెండు, ఏడుపులు నూట నలభై రెండు, అందులో తావోంగాదే అన్నిటికంటే గట్టిది. కొత్తగా వచ్చింది: రోజూ పొద్దున నిచ్చెనెక్కి పలక తుడిచే ఉద్యోగం, జీతం లేదు, కమిటీ ఏకగ్రీవ తీర్మానం.

'నేరస్థుడి పేరు' అన్న చోట మాత్రం ఖాళీ వదిలాడు.

డొరికా అతని చేతిలోంచి పెన్ను లాక్కుని, పెద్ద పెద్ద అక్షరాలతో 'లైసన్ కపీటో' అని నింపింది.

లైసన్ ఆ పేరు వైపు చూశాడు. పగిలిన భూతద్దంలోంచి కూడా చూశాడు. తర్వాత పెన్ను తీసుకుని కింద ఒక ముక్క చేర్చాడు:

'తనంతట తానే లొంగిపోయాడు.'