కళ్ళెంలేని గుర్రాలు, వెన్ను విరగని కుర్చీ

ఆ శుక్రవారంనాడు నెరవేర్చవలసిన మహాకార్యములు ఇవి. తెల్లవారగనే హబీబ్ కొట్టునుండి రొట్టెలు తేవలెను. ఖాళీ గ్యాస్‌బండను ఇచ్చి నిండుబండను భుజాన మోసుకురావలెను. పొరుగింటి ఆవు దయతలచినచో గోధుమరవ్వ కుస్‌కుస్‌లోకి కుండెడు మజ్జిగ సంపాదింపవలెను. తాతగారి మోకాళ్ళకు తైలమర్దనం గావింపవలెను. చొక్కా ఇస్త్రీ చేసుకొని జుమా నమాజుకు వేళకు పోవలెను. భోజనానంతరం, చేయి కడుగుకొని, ప్రాచీనకాలపు పదాతి మహాసైన్యమొకదానిని, ఒక్క కాలిబంటు సాయమైనను లేక, కేవలం గుర్రాలతో నేలగలపవలెను.

మొదటి అయిదూ తియారెత్ పట్టణంలో తల్లి మాట వినే ప్రతి కుర్రవాడూ చేసేవే. ఆరవది తలకెత్తుకొన్న ధీరోదాత్తుడు, అశ్వైకశరణ్యుడు, పదాతిద్వేషి, గ్యాస్‌బండధురంధరుడు బెనావుదా అనువాడు. వాని కథ చెప్పెద, చెవి యొగ్గుడు.

అది దుక్కులకు ముందటి శరత్కాలము. కోతలైన గోధుమచేలు గొరిగిన తలలవలె మెరయుచుండ, దక్షిణపు గడ్డిమైదానాల ధూళినెల్ల మోసుకొచ్చు గాలి ఇంటింటి తలుపూ తట్టి పరామర్శించుచుండ, ఊరూర వఅదాల సందడి మొదలగుచుండెను. పీరుగారి పేర ఏటేటా జరుగు ఆ జాతరలో ఎన్ని ఉన్నా రౌతుల దౌడు లేనిదే లేనట్టు. వరుసగా నిలిచిన రౌతులు ఒక్క గీతగా దౌడుతీయవలెను. ముఖద్దం, అంటే పంక్తినాయకుడు, కేక వేయగానే వారి తుపాకులన్నీ ఒక్కసారే ఆకాశంలోకి పేలవలెను, గుర్రాలు అక్కడికక్కడే ఆగవలెను. తుపాకులు ఎన్నయినా శబ్దం ఒకటే కావాలి. రెండు వినబడితే ఆ ఊరి ఆడవాళ్ళు మళ్ళీ వఅదా వచ్చేదాకా పెళ్ళిళ్ళలో తలయెత్తుకోలేరు.

బెనావుదా ఊరి పంక్తికి అంతకాలమూ కేక వేసినవాడు అతని తాత సీ జిలాలీ. ఆయన ఎక్కినది జర్గా అను నీలిబూడిద వన్నె ఆడగుర్రం. కిందటి చలికాలం జర్గా కడుపుశూలతో పోయింది. నాటినుండి ఆ సింహకంఠుడు గోడవైపు తిరిగి పడుకొనెను. ఏమడిగినా "ఊఁ" అనును. ఒక్కోసారి అదీ లేదు. వచ్చే గురువారమే వఅదా. కేక వేసేవాడు లేక ఊరి రౌతులు గోడల మేకులనుండి జీనులైనా దించలేదు. కేక లేనిదే పంక్తి లేదు. పంక్తి లేకపోతే మైదానంలో ఆ ఊరి వంతు పక్కఊరికి పోతుంది, పోయినది తిరిగి రావడం కష్టం. కాబట్టి బెనావుదాకు కావలసింది సామ్రాజ్యం కాదు. ఆ కేక.

బతిమాలారు, కోప్పడ్డారు, మసీదు ఇమామును పిలిపించి చెప్పించారు. గోడ గెలిచింది. అప్పుడు బెనావుదా, ఆ శుక్రవారం అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తింటూండగా, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"తాహర్ బాబాయి కొట్లో కొత్త ఆట ఉంది. అందులో మన గుర్రాలున్నాయి."

తాత చెంచాతో కుస్‌కుస్ కలుపుచుండెను.

"రెండు వేల ఏళ్ళనాటి మనవాళ్ళంట. జీను లేదు, కళ్ళెం లేదు. మెడకి ఓ తాడు, అంతే."

సీ జిలాలీ చెంచా ఆగెను. "కళ్ళెం లేకుండానా?"

"లేకుండానే తాతా."

"ఎవడు చెప్పాడు?"

"చెప్పడం కాదు, బొమ్మలో చూపిస్తారు. దౌడు కూడా తీస్తాయి."

"అబద్ధాలకోరు నాయాళ్ళు," అన్నాడు తాత. కొంచెంసేపు నమిలాడు. "నా చెప్పులేవిరా?"

ఇట్లు ఆ వృద్ధసింహము గుహ వెడలెను, ఆనందమునకు గాదు, అబద్ధమును నిలదీయుటకు.

తాహర్ బాబాయి కంప్యూటర్ల కొట్టు ఆ వేళ కిటకిటలాడుచుండెను. అందలి కుర్చీలన్నీ వెన్ను విరిగినవే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి, చక్రాలు తిరిగెడిది, వెనుకకు వాలినను మోసము చేయనిది, శుక్రవారపు ఆటలో గెలిచినవానికి మరుసటి శుక్రవారందాకా సింహాసనము. చిరకాలముగా దానిపై ఆసీనుడై యున్నవాడు రొట్టెల హబీబ్ కొడుకు ఖ్వీదర్, డాలుగోడల విశ్వకర్మ, బల్లెపువనముల తోటమాలి, ఎవడెంత కవ్వించినా తన కాలిబంట్లను అడుగు కదలనీయని స్థితప్రజ్ఞుడు.

సీ జిలాలీ గడప దాటగానే కొట్టంతా లేచి నిలిచినది. ఖ్వీదర్ వచ్చి ముసలాయన తలపాగామీద ముద్దుపెట్టుకున్నాడు. తాహర్ బాబాయి తన స్టూలు తుడిచి వేశాడు. కుర్చీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ధర్మం ధర్మమే.

సైన్యసమీకరణ మొదలాయెను. బెనావుదా పట్టికలోని గుర్రపుదళాలన్నిటినీ ఒక్కొక్కటే నొక్కుతూ పోయాడు. తన సేనాని ఎక్కిన దళానికి పేరు పెట్టమని అడిగితే "జర్గా" అని కొట్టాడు. తాతకు చదువు రాదు. అది ఆయనకు తెలియలేదు.

"కొద్దిగా కాలిబంట్లనైనా తీసుకోరా," అన్నాడు తాహర్ బాబాయి. "వట్టి గుర్రాలంటే కుస్‌కుస్ లేకుండా మాంసం ఒక్కటే వడ్డించినట్టుంటుంది."

"నాకైతే అట్లాగే వడ్డించండి బాబాయ్," అన్నాడు ఖ్వీదర్.

అప్పుడు బెనావుదా గిరిగహ్వరములు ప్రతిధ్వనింప, "ఓరీ పాదచారకులాధమా, ధరణిని డెక్కలతో దున్నెడు జాతిలో పుట్టి కాళ్ళతో నడచువానిని నమ్మి రణమునకు దిగుదునా, దిగినచో నా పేరు గుర్రపుసాలలో గాక గొర్రెలదొడ్డిలో పలుకుదురు గాక," అని ప్రతిజ్ఞచేసెను అని గాయకులు పాడుదురు. వాడు నిజానికి అన్నది: "నడిచేవాళ్ళు నాకొద్దు."

తెర వెలిగెను. అదిగో, ఇసుకవన్నె మైదానము. అదిగో, దాని కొసన ఖ్వీదర్ డాలుగోడ, ఈగకైనా సందీయక, బల్లెములు రోమాంచమువలె నిక్కబొడుచుకొని. ఇవతల బెనావుదా గుర్రాలు, తోకలు ఝాడించుచు, నోళ్ళు ఖాళీగా.

సీ జిలాలీ తెరకు ముక్కు ఆనించినంత దగ్గరికి వంగి చూశాడు.

"నోట్లో ఏమీ లేదు," అన్నాడు.

"చెప్పాను గదా తాతా."

"మరి ఎట్లా ఆగుతాయి?"

"ఆగవేమో," అన్నాడు ఖ్వీదర్. "అందుకే నాకు భయంగా ఉంది."

"ఆగుతాయి," అన్నాడు ముసలాయన. "జర్గా ఆగేది. కళ్ళెం లోకం కోసం వేసేవాణ్ణి."

చలికాలంనుండి ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలు. బెనావుదా చేయి మౌసుమీద అట్లాగే ఉండిపోయింది.

"ఏరా, వస్తావా, తేనీరు తాగి రానా?" అన్నాడు ఖ్వీదర్.

వచ్చెను. ఎట్లు వచ్చెననగా, దళములనన్నిటిని ఒక్క గీతగా దిద్ది, ఒక గుర్రపు చెవి మరొక గుర్రపు చెవిని దాటనీయక, మొదట నడక, పిమ్మట దుముకు, పిమ్మట దౌడు, ధూళి మేఘమై లేవగా, డాలుగోడకు ఈటెవేటు దూరమున అందరిచేతను ఒక్కసారే ఈటెలు రువ్వించి, అక్కడికక్కడ టక్కున ఆపివేసెను. కనులపండువు. వఅదాలో ఐతే ఆ క్షణాన ఆడవాళ్ళు నాలుకలాడించి యూయూలు పెట్టుదురు, కుర్రవాళ్ళు ఈలలు వేయుదురు, పెద్దలు గడ్డాలు సవరించుకొందురు.

"గీత బాగుంది," అన్నాడు తాత.

కాని అచ్చట యూయూలు పెట్టువారు లేరు. ఉన్నవారు బల్లెములవారు. దౌడు ముగిసిన గుర్రములు మెప్పుకై ఎదురుచూచుచు నిలువగా, ఖ్వీదర్ కాలిబంట్లు నాలుగడుగులు ముందుకు వేసి, తోటలో నిమ్మకాయలు కోసినట్టు తీరికగా పని కానిచ్చిరి. సగము సైన్యము చూచుచుండగనే మట్టిగలిసెను.

"ఎవరైనా ఫోటో తీస్తారని ఆగావట్రా?" అన్నాడు ఖ్వీదర్.

కొట్టు గొల్లుమంది. బెనావుదా చెవులు ఎర్రబడ్డాయి. ఆపుదామని కాదు వాడు ఆపింది. ఈటె వేశాక గుర్రాన్ని ఆపకుండా ఉండడం వాని చేతికి తెలియదు. ఆ చేయి సీ జిలాలీ వెనుక నిలిచి నేర్చుకున్న చేయి.

మిగిలినవాటిని ఎట్లో వెనక్కి లాగాడు. లాగాక తాతవైపు చూడడానికి ధైర్యం చాల్లేదు. గుర్రాన్ని వెన్నుచూపించి పరిగెత్తించినవాణ్ణి ఆయన ఇంట్లో అన్నం తిననిస్తాడా? ఈ ముసలాయన మళ్ళీ గోడవైపు తిరిగితే ఇక ఏ ఆటా ఆయనను లేపలేదు.

"ఎందుకు నిలబడ్డావురా అక్కడ?" అన్నాడు సీ జిలాలీ.

"ఈటె వేశాక ఆగాలి గదా తాతా."

"ఆగాలి. ఆగి?"

బెనావుదా మిగిలిన గుర్రాలను లెక్కపెట్టాడు.

"ఆగి, తిప్పుకొని, జాగా ఖాళీ చెయ్యాలి. వెనక రెండో ఊరివాళ్ళు కాచుకొని ఉంటారు. ఒక్క ఊరే మైదానమంతా ఆక్రమించుకుని నిలబడితే దాన్ని వఅదా అంటారా? మర్యాద తెలీదా నీకు?"

"పారిపోవడం అనుకుంటారని..."

"ఎవరనుకుంటారు? వంతు అయిపోతే పోవడం పారిపోవడమా? రెండు పంక్తులు చెయ్యి."

విన్నారా, సహృదయులారా. యుద్ధశాస్త్రమున దీనికెన్ని పేర్లున్నవో, ఎందరు సేనానులు దీనికై తల బద్దలుకొట్టుకొనిరో ఎవరికెరుక. ఆ ముసలాయన లెక్కలో అది కేవలం పక్కఊరివాళ్ళకు చోటివ్వడం.

బెనావుదా మిగిలిన గుర్రాలను రెండు పంక్తులు చేశాడు. మొదటి పంక్తి కదిలింది. నడక, దుముకు, దౌడు. ఎప్పుడు వేయాలా అని వాడి వేలు బొత్తాంమీద కాచుకొని ఉంది. పక్కనుండి, గొంతులో గరగర తప్ప మరేమీ లేని ఒక చిన్న శబ్దం, "హా" అని. వేలు పడింది. ఈటెలన్నీ ఒక్కటిగా లేచినవి.

"తిప్పు. జాగా ఇయ్యి. రెండోవాళ్ళని రానీ."

రెండో పంక్తి వచ్చినది. "హా," ఈసారి కాస్త పైనుండి. ఈటెలు. తిప్పు. మొదటి పంక్తి మళ్ళీ. వంతు వెంట వంతు, ఊరి వెంట ఊరు, జాతరమర్యాద తప్పక వచ్చి పోవుచుండగా, స్థితప్రజ్ఞుడైన ఖ్వీదర్ సహనము సడలెను.

"పట్టుకోండెహె," అని తన కాలిబంట్లను గుర్రాల వెంట తోలాడు.

ఆహా, ఏమి చెప్పుదు. డాలు బరువు, బల్లెము బరువు, ఇనుపటోపీ బరువు మోయుచు మనుష్యులు గుర్రములను తరుముచున్నారు. గోడలో మొదట ఒక సందు, సందు పిమ్మట కిటికీ, కిటికీ పిమ్మట వాకిలి. ఒక పంక్తిని తరిమినవారి వీపుల్లో మరో పంక్తి ఈటెలు నాటుచుండెను.

సీ జిలాలీ ఎప్పుడు లేచి నిలుచున్నాడో ఎవరూ చూడలేదు. మోకాళ్ళు ఆయనకు చెప్పినట్టు లేదు. తలపాగా జారింది. ఇక ఆ కేక గరగర కాదు. అది కొట్టుదాటి, వీధిదాటి, ఎదుటి టీకొట్లో దోమినో ఆడుకొనువారి చేతులలో బిళ్ళలను నిలిపివేసినది. మిగిలిన కంప్యూటర్లవాళ్ళు తమ తమ సామ్రాజ్యములను అనాథలుగా వదలి వచ్చి వెనుక మూగిరి.

గుర్రములూ రాలినవి. దాచిపెట్టుటేల, డాలుగోడ చిందరవందరైనను బల్లెము బల్లెమే. పంక్తులు రెండు ఒకటాయెను, ఆ ఒకటి చిక్కిపోయెను. కడపట ఖ్వీదర్ సేనాని చుట్టూ పిడికెడుమంది, ఇవతల జర్గా దళములో మిగిలిన నలుగురు రౌతులు.

"ఇంకొక్కసారి," అన్నాడు బెనావుదా.

తాత తెరవైపు చూచుచు, ఎవరో దూరానున్నవారితో అన్నట్టు, ఊపిరి నింపుకొని, వేసెను కేక.

నలుగురిలో ముగ్గురు రాలిరి. ఈటె ఒకటి ఖ్వీదర్ సేనానికి తగిలెను. సేనాని కూలగనే పిడికెడుమందీ బల్లెములు పారవేసి పరుగెత్తిరి. శూన్యమైన ఆ ఇసుకమైదానం నడుమ ఒకే ఒక గుర్రము, నోట ఏమీ లేనిది, తనంత తానే ఆగి నిలుచుండెను. తెరపై అక్షరాలు పడ్డాయి. అతి స్వల్ప విజయము.

సీ జిలాలీ మెల్లగా స్టూలుమీద కూర్చున్నాడు, తలపాగా సర్దుకున్నాడు, మొహం చిట్లించాడు.

"ఎడమ చివరివాడు ఆలస్యం చేశాడు," అన్నాడు. "రెండు శబ్దాలు వినబడ్డాయి."

"తాతా," అన్నాడు ఖ్వీదర్ మెల్లగా, "ఆ కంప్యూటర్‌కి స్పీకర్ పోయి చాలాకాలమయింది. అందులో ఏ శబ్దమూ రాదు."

"నీకు వినబడలేదేమో. నాకు వినబడింది." ముసలాయన మనవడివైపు తిరిగాడు. "మనవాళ్ళు జీనులకి నూనె పెట్టారా?"

"ఇంకా లేదు తాతా."

"ఇంకా లేదా? వఅదా గురువారం పెట్టుకొని? రేపు పొద్దున్నే అందర్నీ రమ్మను. గుర్రాల్తో. ఎడమ చివర ఎవర్ని నిలబెట్టాలో నేను చూస్తాను. నువ్వు మాత్రం కాదు, నీ చేయి ఆలస్యం."

ఖ్వీదర్ లేచాడు. సింహాసనాన్ని చక్రాలమీద దొర్లించుకొచ్చి బెనావుదా ముందు పెట్టాడు. "తీసుకో. మాంసం ఒక్కటే వడ్డించావు, అరగలేదు." బెనావుదా దాన్ని తాతవైపు తిప్పాడు. సీ జిలాలీ కూర్చుని, ఒకసారి వెనక్కి వాలి చూసి, "ఇది బాగానే ఆగుతుంది," అన్నాడు.

ఇట్లు అశ్వైకశరణ్యుడు, గ్యాస్‌బండధురంధరుడు, ఆలస్యహస్తుడు అగు బెనావుదా, ఒకే ఒక గుర్రము మిగులగా, మహాసామ్రాజ్యమును గెలిచి, దానికి బదులుగా వెన్ను విరగని కుర్చీ నొకదానిని, అదియును మరుసటి శుక్రవారందాకా మాత్రమే, సంపాదించెను. దుందుభులు మోగలేదు, స్పీకర్ పోయెను గాన.

వినినవారు సామ్రాజ్యాన్ని మరచిపోయినా ఫరవాలేదు. ఖ్వీదర్‌ను మరచిపోయినా వాడేమీ అనుకోడు. కాని ఎప్పుడైనా ఎక్కడైనా తుపాకులన్నీ ఒక్క శబ్దంగా పేలడం వింటే, జర్గాను ఒక్కసారి తలచుకోండి. నీలిబూడిద వన్నె, ఎడమ ముందుకాలికి తెల్లమచ్చ. కళ్ళెం లోకం కోసమే.