మూడు వందల యాభై దాకా నార్మల్

ఏప్రిల్ పదకొండో తారీఖు మధ్యాహ్నం, మూడు రకాల కేకు తిని, మూతి తుడుచుకుని, ఆరోగ్యశాఖ మంత్రిగారు దేశంలో సంతానలేమిని ఏడాదిలోగా రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. అంతకుముందటి ఏడాది ఆయన దోమలను రద్దు చేసి ఉన్నారు గనుక ఎవరికీ అనుమానం రాలేదు. విలేఖరులు కూడా కేకు తిన్నారు. మంత్రిగారి పియ్యే మాత్రం తన వాటా ముక్కను కాగితపు రుమాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. భార్య పోయినప్పటి నుంచి ఆయనకు అదొక అలవాటు. ఎక్కడ ఏ కాస్త తీపి పెట్టినా ఇంటికి పట్టుకుపోవడం, పట్టుకుపోయాక తినే మనిషి లేదని గుర్తుకు రావడం. ఈమధ్య ఆ తీపిని కూతురింటికి మళ్ళించారు.

మర్నాడు మంత్రిగారు పియ్యేని గదిలోకి పిలిచి, నిన్న తాను రద్దు చేసిందేమిటో వివరంగా చెప్పమన్నారు.

“పిల్లలు కలగకపోవడానికి జీవక్రియ లోపాలు ఒక పెద్ద కారణమని మన పెద్దాసుపత్రి లేడీ డాక్టరుగారు చెప్పారు సార్.”

“అంటే?”

“తిన్నది ఒంటికి సరిగ్గా వినియోగం కాకపోవడం సార్. సుగరు, థైరాయిడ్డు, పొట్ట చుట్టూ కొవ్వు, ఇలాంటివి.”

మంత్రిగారు కళ్ళు మూసుకుని తమ శాఖ మొత్తాన్ని ఒకసారి తలుచుకున్నారు. “మన దగ్గర అలాంటి కేసు ఒక్కటీ లేదయ్యా. ఎవరు ఎంత తిన్నా చక్కగా వినియోగమవుతూనే ఉందే!”

పియ్యేగారు తల ఊపారు. ఆయన ధ్యాస కూతురి మీద ఉంది. పెళ్ళయి ఐదేళ్ళయినా కడుపు పండలేదని అత్తగారు ఆమెను చూసినప్పుడల్లా నిట్టూరుస్తోంది. అమ్మాయి తనంతట తానే ఆ లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళి, రాసిన పరీక్షలన్నీ చేయించుకుంది. అన్నీ బాగున్నాయి.

“ఆడవాళ్ళకి సుగరు అదుపు తప్పితే అండం విడుదల గాడి తప్పుతుందమ్మా,” అని ఆ డాక్టరు విడమరిచి చెప్పింది. “మగవాళ్ళకి వీర్యకణాలు తగ్గుతాయి, ఉన్నవి కూడా నీరసపడతాయి. నీ వైపు ఏ ఇబ్బందీ లేదు. మీ ఆయన్ని తీసుకురా. ఆయనకి సుగరే ఉంటే, అది దారికొస్తే తక్కినవీ దారికి రావచ్చు.”

ఆయన రాలేదు. “గుండ్రాయిలా ఉన్న మనిషికి పరీక్షలేమిటే?” అన్నాడు. గుండ్రాయిలా ఉన్న మాట నిజమే. అల్లుడు మంత్రిగారి అభిమాన సంఘానికి యువజన కార్యదర్శి. నలభై ఏళ్ళు నిండవచ్చినా ఇంకా యువజనుడే. మావగారు మెల్లగా కదిపి చూస్తే ఒకటే మాట అన్నాడు: “మంత్రిగారు సుగరు పరీక్షకి వేలిచ్చిన రోజున నేనూ ఇస్తాను మావయ్యా.” ఈలోగా వాళ్ళమ్మ గడువు పెట్టేసింది. వానాకాలం వెళ్ళేలోగా ఏ కబురూ లేకపోతే అమ్మాయి పుట్టింట్లో ఉండి లోపం నయం చేయించుకుని రావాలట.

ఇన్నేళ్ళ కొలువులో పియ్యేగారు మంత్రిగారి ప్రసంగంలో సొంత అవసరానికి ఒక్క అక్షరం కలిపిన పాపాన పోలేదు. ఈసారి రెండు వాక్యాలు కలిపారు. ‘పరీక్ష భార్యాభర్తలిద్దరికీ. మొదటి వేలు నాదే.’

“మొదటి వేలు నాదే!” మంత్రిగారు అద్దం ముందు నిలబడి వేలెత్తి చూసుకున్నారు. “బావుందయ్యా. పోస్టర్లకి పనికొస్తుంది.”

పథకం ప్రారంభోత్సవానికి మైదానం నిండా జనం. ఆరోగ్యశాఖ డైరెక్టరుగారు పారదర్శకత కోసం సుగరు మిషన్ని సినిమా తెరంత తెరకు కలిపించారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, ఆనవాయితీ ప్రకారం కేకు కోసి, కోసింది తిని, వేలు చాచారు. లేడీ డాక్టరు సూది గుచ్చింది. తెర మీద ఇంతింత అంకెలతో పడింది: 312.

మైదానం గప్‌చిప్ అయింది.

“నూట నలభై దాటకూడదండీ,” అంది డాక్టరు, మెల్లగానే. మైకు మాత్రం ఆమె ముందే ఉంది.

డైరెక్టరుగారు ఆ మైకు అందుకున్నారు. ఆయనను ఆ పదవిలోకి తెచ్చిన సమయస్ఫూర్తి అదే. “సోదర సోదరీమణులారా! మామూలు మనిషికి నూట నలభై. మన నాయకుడికి మూడు వందల పన్నెండు!”

చప్పట్లు మిన్నంటాయి. ఈలలు వేశారు. పియ్యేగారు మైదానంలోకి చూశారు. అన్నమాట ప్రకారం అల్లుడు అందరినీ తోసుకుంటూ లైనులో ముందుకొచ్చి వేలిస్తున్నాడు. ఆ క్షణంలో పియ్యేగారికి మంత్రిగారి మీద నిజంగానే గౌరవం కలిగింది. అల్లుడిది రెండు వందల అరవై ఎనిమిది వచ్చింది. అతను కాస్త చిన్నబుచ్చుకుని, మళ్ళీ సర్దుకున్నాడు. “ఆయనంతటి వాళ్ళం కాలేం కదా మావయ్యా.”

“రేపే డాక్టరుగారి దగ్గరికి వెళ్దాం బాబూ. మందులున్నాయి,” అన్నారు పియ్యేగారు, గొంతులో సంతోషం దాచుకోలేక.

ఆ సాయంత్రమే పత్రికలవాళ్ళు ఫోన్లు మొదలుపెట్టారు. మంత్రిగారికి జబ్బా, జబ్బుతో శాఖను నడపగలరా అని. మంత్రిగారి మొహం పాలిపోయింది. డైరెక్టరుగారు మాత్రం కాఫీలో చక్కెర కలుపుతూ నిబ్బరంగా ఉన్నారు.

“సార్, నూట నలభై అనేది దేవుడు పెట్టిన గీతేం కాదు. కాగితం మీద ఎవరో గీసింది. అదే కాగితం మన దగ్గర కూడా ఉంది.”

“అయితే?”

“జరుపుదాం. మూడు వందల ఇరవై దాకా నార్మల్.”

“కాస్త వెసులుబాటు ఉంచవయ్యా,” అన్నారు మంత్రిగారు. “రేపు ఇంకో ప్రారంభోత్సవం ఉంది. అక్కడా కేకే.”

మూడు వందల యాభై దగ్గర ఖాయమైంది. ఉత్తర్వు పియ్యేగారే టైపు చెయ్యాలి. ఆయన వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి.

“సార్, జబ్బున్నవాళ్ళకి జబ్బు లేదని చెప్పినట్టవుతుందేమో సార్.”

మంత్రిగారు ఆయన వంక ప్రేమగా చూశారు. “పిచ్చివాడా, జబ్బు లేదంటే బాధపడ్డవాణ్ణి ఎక్కడైనా చూశావా?”

చూడలేదు. టైపు చేశారు.

ఫలితాలు ఎవరూ ఊహించనంత వేగంగా వచ్చాయి. ఉత్తర్వు వెలువడిన మర్నాటి ఉదయానికల్లా, ఇంకా మంచాల మీద నుంచి లేవకుండానే, దేశంలోని సుగరు రోగులందరికీ నయమైపోయింది. ప్రభుత్వాసుపత్రుల్లో సుగరు విభాగాలు మూసి, ఆ గదుల్లో అభినందన సభలు పెట్టారు. రోగులు లేరు గనుక మందుల కొనుగోలు ఆపేశారు. నూట నలభై అన్న మాట మర్చిపోలేకపోయిన లేడీ డాక్టరును జనన మరణాల లెక్కల శాఖకు బదిలీ చేశారు. ఇక వేలిచ్చిన ప్రతి పురుషుడికీ మంత్రిగారి నవ్వు ఫోటోతో, ‘ఏ లోపమూ లేదు’ అని రంగుల సర్టిఫికెట్ ఇచ్చారు. పిల్లలు ఇంకా పుట్టడం లేదు కానీ, దానికి ఏడాది గడువుంది.

డాక్టరు దగ్గరికి వెళ్దామని పియ్యేగారు రెండుసార్లు ఫోను చేశారు. “ఏ డాక్టరు మావయ్యా? ఎందుకు?” అన్నాడు అల్లుడు.

మంత్రిగారికి మాత్రం ఈమధ్య కాళ్ళు తిమ్మిర్లు. పాపం, రహస్యంగా సుగరు మాత్రలు వాడుతున్నారు. వాటిని బయటి మందుల షాపులో పియ్యేగారే తన పేరు మీద కొంటున్నారు. పుల్లలా ఉండే ఆయన్ని చూసి షాపాయన జాలిపడ్డాడు. “దేశమంతా నయమైపోయింది, మీరొక్కరే మిగిలారేమిటండీ? కాస్త తీపి తగ్గించండి.”

వాన వెలిసిన ఒక సాయంత్రం, పియ్యేగారు ఆ మాత్రలతోనే ఇంటికి చేరేసరికి గుమ్మంలో అల్లుడు, పక్కన కూతురు, ఆమె చేతిలో పెట్టె.

అల్లుడు లోపలికొచ్చి కుర్చీలో కూలబడి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చి, ఇంకో గ్లాసు తాగి, సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

“నాకు ఏ లోపమూ లేదని మీ ఆఫీసే చెప్పింది మావయ్యా. ముద్ర మీదే. మరి లోపం ఎవరిలో ఉన్నట్టు?”

“బాబూ, ఆ గీత…”

“గవర్నమెంటు కన్నా మీకెక్కువ తెలుసా? అమ్మ గడువు చెప్పింది, అయిపోయింది. మీ అమ్మాయిని మీ దగ్గరే ఉంచుకుని నయం చేయించండి.”

అతను లేచి, గోడ పట్టుకుని నిలదొక్కుకుని, మెట్లు దిగిపోయాడు.

పియ్యేగారికి ఏం చెయ్యాలో తోచక, ఆ పూటే ఒక అభినందన సభలో ఇచ్చిన కేకు ముక్క సంచిలోంచి తీసి ప్లేటులో పెట్టారు. దాంతోపాటు మాత్రల అట్ట బయటపడింది.

“ఇదేంటి నాన్నా? మీకు సుగరా?”

“నాకు కాదమ్మా. నార్మల్‌గా ఉన్నవాళ్ళకి.”

ఆమె కేకు రెండు ముక్కలు చేసి పెద్దది తండ్రి చేతిలో పెట్టింది. ఎంతో కాలం తర్వాత ఆ ఇంట్లో తీపి తినడానికి ఇద్దరున్నారు. తింటూ ఆమె కిటికీలోంచి కిందికి చూసి ఆగింది.

“ఇంకా వెళ్ళలేదు నాన్నా. కింద మెట్టు మీద కూర్చున్నారు. దాహం వేస్తున్నట్టుంది.”

ఆమె బల్ల మీది జగ్గు నింపుకుని, మాత్రల అట్ట కూడా తీసుకుని కిందికి వెళ్ళింది. కాసేపటికి పైకి వచ్చింది. జగ్గు ఖాళీగా ఉంది. మాత్రల అట్టలో ఒక్కటీ తగ్గలేదు.

పియ్యేగారు ఆమె చేతిలోంచి జగ్గు అందుకుని, చప్పుడు కాకుండా తలుపు వేశారు.